గాలి ఊళ్ళో గాలాడని గది

వర్షాత్స్ ఊరికి ద్రాక్షతోటల వల్ల ఎంత పేరో, గాలి వల్ల కూడా అంత పేరు. ఆ గాలిని కొషావా అంటారు. లేచిందంటే మూడు రోజులు, అప్పటికీ తగ్గకపోతే ఏడు, అప్పటికీ తగ్గకపోతే ఇరవై ఒకటి అని లెక్క. టోపీని గాలికి వదులుకోని మగాడూ, గొడుగు తిరగబడని ఆడదీ ఆ ఊళ్ళో లేరు. అలాంటి ఊళ్ళో, స్టేషను వెనక నాలుగంతస్తుల మేడలో, రెండో అంతస్తులో జివానా అద్దెకుంటున్న ఇంటి బాత్రూంలోకి మాత్రం పదకొండేళ్ళుగా దీపం రెపరెపలాడేంత గాలి కూడా చొరబడలేదు. అది తన చేతి చలవేనని ఆవిడ నలుగురికీ చెప్పుకునేది.

చెప్పుకోవడానికి కారణం ఉంది. జివానా జుట్టు పని చేసే మనిషి. పదహారో ఏట సెంటర్లోని ప్రభుత్వ సెలూన్‌లో చేరి, ముప్ఫై నాలుగేళ్ళు అక్కడే నిలబడి పనిచేసింది. సెలూన్ మూసేసిన రోజున తలా ఒక వస్తువు పట్టుకుపొమ్మంటే, తలమీద బోర్లించే పెద్ద డ్రైయర్‌ని ఎంచుకుని, కూరగాయల బండి మీద తోసుకుంటూ ఊరంతా చూస్తుండగా ఇంటికి తెచ్చుకుంది. మొగుడు అప్పటికే సరిహద్దు అవతల టిమిషోరాలో ఇంకో సంసారం పెట్టుకున్నాడు. "ఆయన పోయాడు, డ్రైయర్ వచ్చింది. రెండూ వేడి గాలి ఊదేవే. దీనికి కనీసం స్విచ్చి ఉంది" అనేది జివానా.

అప్పట్నుంచీ శనివారాలు ఆవిడ బాత్రూమే సెలూన్. బేసిన్ ముందు వాలుకుర్చీ, మేకులకి తువాళ్ళు, పెట్టెనిండా జుట్టు చుట్టే గొట్టాలు. డ్రైయర్ నడవలో. ఉదయం ఎనిమిదికి మొదలైతే మూడు దాకా ఆడవాళ్ళు వస్తూనే ఉంటారు. ఒకరి తల కడుగుతుంటే ఇద్దరు తొట్టి అంచున కూర్చుని కాఫీ తాగుతుంటారు. ఆ బాత్రూంకి కిటికీ లేదు. పైన గోడకి జానెడు జల్లెడ ఉంది. దాని వెనక మేడ పొడుగునా కింద నుంచి కప్పుదాకా పోయే గాలి గొట్టం ఉంది. వచ్చిన మొదటి వారమే జివానా ఒక పాత దిండు చింపి, అందులో దూదంతా ఆ జల్లెడలో కుక్కి, పైన బట్ట అతికించేసింది.

ఎందుకంటే ప్రొమాయా. రెండు సందుల మధ్య నుంచి దొంగలా దూరే గాలి. తడి తలకి అది తగిలిందంటే మెడ పట్టేస్తుంది, చెవి చీము కారుతుంది, మూతి వంకరపోతుంది. ఈ సంగతి వర్షాత్స్‌లో పిల్లిపిల్లకి కూడా తెలుసు. వీధిలో తల తెగిపడేంత గాలి వీస్తున్నా ఎవరికీ భయం లేదు, అది బయటి గాలి. ఇంట్లో వేలెడు సందులోంచి వచ్చేదే ప్రాణాంతకం. అందుకే "జివానా దగ్గర గాలి ఆడదు" అనేది ఆవిడ పనికి దొరికిన పెద్ద కితాబు.

గాలి ఆడనిచోట ఏం పుడుతుందో అదే పుట్టింది. ఎనిమిదేళ్ళ కిందట తొట్టి పైమూలన మిరియపు గింజంత నల్ల చుక్క కనిపించింది. తుడిస్తే పోయింది. మళ్ళీ వచ్చింది, తోడు తెచ్చుకుంది. పోయిన ఏడాదికి కప్పు సగం, గోడ సగం బూజుపట్టి, తువాళ్ళు కూడా ముక్కవాసన కొట్టడం మొదలుపెట్టాయి.

"మా జున్నుకి బూజు పట్టిందనుకో, ఊరిపేరు పెట్టి రెట్టింపు ధరకి అమ్ముతా" అంది మిలుంకా, గొట్టాలు చుట్టించుకుంటూ. ఆవిడ సంతలో మీగడా జున్నూ అమ్ముతుంది. గొంతు సంతకి తగ్గట్టే ఉంటుంది. "నీ గోడకి పడితే ఏం లాభమే? నాకదే అర్థం కాదు."

"నువ్వు తల కదపకు. వంకరగా వస్తే నన్నంటావ్."

"వంకరగా వచ్చినా పర్లేదు, మీద రాలకపోతే చాలు. అదిగో, ఆ మూలన చూడు, అచ్చం మా అత్తగారి మొహం. మీసంతో సహా."

నవంబరు మొదట్లో నాలుగో అంతస్తు నుంచి ఇంటి ఓనరు తిహోమిర్ గారు దిగి వచ్చాడు. రైల్వేలో టికెట్లు కొట్టి రిటైరైన మనిషి, డెబ్భై నాలుగేళ్ళు, భార్య పోయి పదేళ్ళు. నున్నటి బట్టతల. ఆ తలమీద ఎండాకాలంలో కూడా టోపీ, మెడకి మఫ్లర్. గాలంటే ఆయనకి జివానా కంటే పది రెట్లు భయం. బాత్రూం గుమ్మంలో నిలబడి కప్పుకేసి చూశాడు.

"ఇది ఇల్లా, బొగ్గు గనా?"

"చలికాలం కదండీ తిహోమిర్ గారూ, చెమ్మ..."

"చెమ్మ ఎక్కడ్నుంచి వచ్చిందమ్మా? శనివారానికి ఇరవై తలలు కడుగుతావ్. ఆవిరి పైకి లేస్తుంది. నాకు తెలీదనుకోకు, నా బాత్రూం దాకా వస్తోంది నీ ఆవిరి!" ఆయన మఫ్లర్ సర్దుకున్నాడు. "డిసెంబరు పంతొమ్మిది మా ఇంటిని కాచే పునీతుడు నికోలా పండగ. ఆరోజు మా అన్నగారమ్మాయి వస్తుంది. దానికి ఇల్లు కావాలి. అప్పటికి ఈ గోడ తెల్లగా ఉంటే నువ్వుంటావ్. లేకపోతే ఇల్లు దానిది. నేను మాట దాచే మనిషిని కాను."

ఆయన వెళ్ళాక జివానా తొట్టి అంచున కూర్చుండిపోయింది. అరవై ఒకటో ఏట డ్రైయర్‌ని మళ్ళీ బండి మీద తోసుకుంటూ ఎక్కడికెళ్ళాలి? వెళ్ళినా, ఆ మెట్లకి అలవాటుపడ్డ ముసలి కాళ్ళన్నీ ఆవిడ వెనకాలే ఇంకో వీధికి వస్తాయా? ఇల్లొకటే పోతే పోనీ అనుకోవచ్చు. పోయేది శనివారాలు.

ఆ వారమంతా ఆవిడ గోడతో యుద్ధం చేసింది. వెనిగర్ కొట్టింది, బ్లీచింగు కొట్టింది, కళ్ళు మండి బాల్కనీలోకి పరిగెత్తింది. గోడ తెల్లబడింది. శనివారం తలలు కడిగింది. మంగళవారానికి అత్తగారి మీసం మళ్ళీ మొలిచింది. ఈసారి మెరిసే ఆయిల్ పెయింటు తెచ్చి రెండు పూతలు వేసింది. పెళ్ళికూతురి మొహంలా తళతళలాడింది. పది రోజులు తిరక్కుండా పెయింటు బుడగలెత్తి, బుడగ కింద నలుపు కనిపించింది.

నవంబరు చివరి శనివారం కుర్చీలో పెర్సిదా టీచరు ఉంది. ఊళ్ళో సగంమందికి ఫిజిక్సు చెప్పిన మనిషి. ఎనభై దాటినా తలమీద ఒక్క వెంట్రుక పక్కకి తొలగకూడదు. బేసిన్‌లో వెల్లకిలా ఉండి, కప్పుని మూలమూలా పరికించింది.

"ఏమ్మా జివానా, ఆ జల్లెడ మీద అతికించింది ఏమిటి?"

"అదా టీచరుగారూ, దిండు. గాలి రాకుండా."

"గాలి రాకుండా. మరి ఆవిరి పోవడానికి?"

జివానా చెయ్యి ఆగింది. మిలుంకా కాఫీ కప్పు ఆగింది.

"ఆవిరి ఎక్కడికి పోతుంది, ఆరిపోతుంది" అంది జివానా కొంచెం రోషంగా.

"ఆరిపోయి?"

"...పోతుంది."

"కూర్చో. మార్కులు సున్నా" అంది టీచరు, తల మీద నురగతోనే. "ఆరడానికి దానికి దారి కావాలి. దారి లేక గోడనే పట్టుకుంది. ఎనిమిదేళ్ళుగా మన తలల ఆవిరే ఆ గోడకి పూస్తున్నావు తల్లీ నువ్వు. తీసెయ్యి ఆ దిండుని."

"తడి తలలమీదా? టీచరుగారూ, మీ మూతి వంకరపోతే నేను మీ అబ్బాయికి ఏం చెప్పను?"

"ఎనభై రెండేళ్ళు వచ్చాయి. ఇప్పుడు వంకరపోతే ఎవడు చూస్తాడు? తియ్యి."

జివానా ముందు టీచరు తలకి రెండు తువాళ్ళు చుట్టింది. తర్వాత మిలుంకా తలకి చుట్టింది. చివరికి తన తలకీ చుట్టుకుంది. పీటెక్కి దిండు లాగేసింది. పదకొండేళ్ళ దూది నల్లటి ముద్దై, తడి కుక్కపిల్లలా తొట్టిలో పడింది. ముగ్గురూ మెడలు ముడుచుకుని గాలి కోసం ఎదురుచూశారు.

గాలి రాలేదు.

టీచరు చేతిసంచీలోంచి పలచటి కాగితం ముక్క తీసింది. "దీన్ని జల్లెడకి ఆనించు. గొట్టం లాగుతుంటే అతుక్కుంటుంది."

జివానా ఆనించి చెయ్యి తీసింది. కాగితం ఎండుటాకులా కిందకి జారిపోయింది. మళ్ళీ ఆనించింది. మళ్ళీ జారింది.

"సగం తప్పు నీది" అంది టీచరు. "మిగతా సగం పైనుంది. ఎవరో గొట్టం నోరు మూసేశారు."

కప్పు మీదకి వెళ్ళే ఇనుపతలుపు తాళంచెవి తిహోమిర్ గారి దగ్గరుంటుంది. తలలకి తువాళ్ళు, వాటిమీద శాలువాలతో ముగ్గురాడవాళ్ళు నాలుగో అంతస్తు బెల్లు కొట్టేసరికి ఆయన తలుపు తీసి అడుగు వెనక్కి వేశాడు.

"ఏమిటమ్మా ఇది! క్రిస్మస్ ముగ్గురు రాజుల వేషమా? దానికింకా టైముంది కదా."

"కప్పు తాళంచెవి ఇవ్వండి" అంది జివానా.

"ఈ కొషావాలో కప్పు మీదకా? తడి తలలతోనా? మీకేమైనా పిచ్చా! నేనివ్వను. రేపు మీ శవాలు మొయ్యలేను."

"అయితే మీరూ రండి, మాకు గొడుగు పట్టండి" అంది మిలుంకా, ఆయన చంక కిందనుంచి చెయ్యి పోనిచ్చి మేకుకున్న తాళంచెవి లాక్కుంటూ.

కప్పు మీద గాలి ఆ ముగ్గుర్నీ వరసగా గోడకి అదిమింది. మిలుంకా శాలువా ఎగిరి యాంటెన్నాకి జెండాలా చుట్టుకుంది. నాలుగు ఇటుక గొట్టాలున్నాయి. మూడు నోళ్ళు తెరుచుకుని ఊళ వేస్తున్నాయి. నాలుగోదాని మీద గుండ్రటి చెక్క మూత, మూత మీద నున్నటి ఏటిరాళ్ళు రెండు.

సంతమనిషి మిలుంకా చూడగానే పట్టేసింది. "క్యాబేజీ పీపా మూత! ఊరేసిన క్యాబేజీ తేలకుండా అదిమే రాళ్ళూ ఇవే. గొట్టంలో క్యాబేజీ ఊరేశాడే ఎవడో!"

అంతలో ఇనుపతలుపు సందులోంచి టోపీ, దాని కింద తిహోమిర్ గారి కళ్ళు, కళ్ళ కింద రెండు వరసల మఫ్లరూ పైకొచ్చాయి. అంతకంటే పైకి ఆయన రాలేదు. మూతని చూశాడు.

"నా మూత!"

"మీదా?"

"మా మామగారు స్వయంగా చెక్కింది! ఓక్ చెక్క! తొమ్మిదేళ్ళయింది అది పోయి. ఆ గావ్రాగాడు, నా బావమరిది, వాడే ఎత్తుకుపోయాడు. వాళ్ళ నాన్న చేతిపని కదా అని! అప్పట్నుంచీ నా క్యాబేజీ ఒక్క ఏడైనా కరకరలాడిందా? మెత్తగా, గంజిలా..." గాలికి నోరు నిండిపోయి ఆగాడు. "దొంగ! తెచ్చి ఇక్కడ దాచాడా!"

"దాచేవాడు రాళ్ళు కూడా మోసుకొస్తాడా?" అంది టీచరు. "తిహోమిర్, నా కళ్ళలోకి చూడు. ఈ గొట్టం మూసెయ్యమని ఎవరికైనా చెప్పావా?"

తిహోమిర్ గారు ఆవిడ దగ్గర చదువుకోలేదు. అయినా ఆ గొంతుకి టోపీ తీయబోయి, గాలి గుర్తొచ్చి ఆగాడు.

"మా ఆవిడ పోయిన మరుసటి చలికాలం నడుం పట్టేసింది. లేవలేను. స్నానం చేస్తే ఆ జల్లెడలోంచి గాలి సరిగ్గా ఇక్కడ" అని మెడ తడుముకున్నాడు. "గావ్రా సూపు పట్టుకొచ్చేవాడు రోజూ. వాడితో అన్నాను... ఆ బొక్క మీద ఏదో ఒకటి కప్పెయ్యరా, అని."

కొషావా ఒక్కటే మాట్లాడింది. టోపీ మెల్లగా సందులోకి దిగిపోయింది.

కిందకొస్తుంటే ఆయన తన బాత్రూం తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. లోపల గోడకి పెద్ద కాలెండరు. ఆయనే దాన్ని పక్కకి జరిపాడు. వెనక గోడ జివానా గోడకంటే నల్లగా ఉంది.

"నీ ఆవిరే పైకొస్తోందనుకున్నానమ్మా, నిజంగా" అన్నాడు.

మూత తీసేశారు. కానీ అంతటితో అవ్వలేదు. తెరిచిన మర్నాడే కొషావా గొట్టంలోకి దిగి, జివానా బాత్రూంలో తువాళ్ళని ఎగరేసింది. నాలుగో అంతస్తులో తిహోమిర్ గారు స్నానం మానేశాడు. గొట్టం నోటికి రేకు టోపీ కావాలంది టీచరు: గాలి పక్కనుంచి జారిపోవాలి, ఆవిరి కిందనుంచి బయటపడాలి. రేకుపని వర్షాత్స్‌లో అంత బాగా చేసేది ఒక్కడే. గావ్రా.

"వాడినా?" అన్నాడు తిహోమిర్ గారు. "నేనడగను. మూతే మళ్ళీ పెట్టేద్దాం."

"మూత పెడితే నా గోడ తెల్లబడదు. నా గోడ తెల్లబడకపోతే మీ అన్నగారమ్మాయికి ఇల్లిస్తారు. ఆవిడ గోడా నల్లబడుతుంది. అప్పుడు ఆవిణ్ణి కూడా వెళ్ళగొడతారా?"

ఆయన మఫ్లర్ ఇంకో చుట్టు చుట్టుకున్నాడు. పండగకి ఇంకా పదహారు రోజులుంది.

జివానా మూతని చంకన పెట్టుకుని, గాలికి అది తెరచాపలా లాక్కుపోతుంటే పరుగులాంటి నడకతో గావ్రా కొట్టుకి వెళ్ళింది. గావ్రా భారీ మనిషి. బక్కెట్టు అడుగు కొడుతూ తలెత్తి చూశాడు.

"ఏం చెల్లీ, మా నాన్న మూతతో తిరుగుతున్నావ్?"

"గుర్తుపట్టావా?"

"నేనే కదా ఆ గొట్టం మీద పెట్టింది. మూలన ఖాళీగా కనిపించింది, పెట్టేశా."

"మరి నువ్వు ఎత్తుకుపోయావంటాడేం మీ బావ? నిన్ను దొంగా అన్నది దీని గురించే."

గావ్రా సుత్తి కింద పెట్టాడు. "దీని గురించా?" అన్నాడు. మళ్ళీ "దీని గురించా!" అని బక్కెట్టు మీద కూర్చుని, కళ్ళవెంట నీళ్ళు కారేదాకా నవ్వాడు. "తొమ్మిదేళ్ళుగా ఆలోచిస్తున్నా నేనేం దొంగిలించానా అని! సంతలో అందరికీ చెప్పాడట, 'వాడికి తెలుసు ఏం పట్టుకుపోయాడో' అని. నాకు తెలీదే! వెండి చెంచాలేమో అనుకున్నా. మా అక్క ఉంగరమేమో అనుకున్నా. అడగడానికి మనసొప్పలేదు. దొంగ అన్నవాడి గుమ్మం ఎలా ఎక్కుతాం?"

"పండక్కి కూడా వెళ్ళలేదు నువ్వు."

"ఆ పండక్కి ఎవర్నీ పిలవరు కదా. వెళ్ళేవాళ్ళు వెళ్తారు. తొమ్మిదేళ్ళు వెళ్ళలేదు. అదే నా జవాబు." నవ్వు తుడుచుకుని మొహం గట్టిపరిచాడు. "టోపీ చేస్తా. కానీ వాడే వచ్చి అడగాలి. కాళ్ళమీద నడిచి, ఈ గాలిలో."

జివానా ఆ మాట తిహోమిర్ గారికి మోసింది. ఆయన పదిరోజులు ఉలకలేదు పలకలేదు. పదకొండో రోజు, అంటే పండక్కి ఐదు రోజుల ముందు, ఆయన వీధిలో కనిపించాడు. రెండు మఫ్లర్లు, చెవుల టోపీ, ఒక చేత్తో మెడ పట్టుకుని, గాలికి ఎదురు. మేడలోని కిటికీలన్నిట్లో మొహాలు అతుక్కున్నాయి.

కొట్లో వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ తెలీదు. మూడు గంటల తర్వాత ఇద్దరూ కలిసి వచ్చారు. చెరో పక్క రేకు టోపీ పట్టుకుని ఉన్నారు, మూత తిహోమిర్ గారి చంకలో ఉంది. ఇద్దరి ముక్కులూ ఎర్రగా ఉన్నాయి, అది చలికి వచ్చిన ఎరుపు మాత్రం కాదు. గావ్రా కప్పెక్కాడు. తిహోమిర్ గారు ఇనుపతలుపు దాకా ఎక్కి, కళ్ళు మాత్రం బయటపెట్టి, "ఎడమకి జరుపు! నీ ఎడమ కాదురా, నా ఎడమ!" అని అరుస్తూ నిలబడ్డాడు.

జివానా ఆయిల్ పెయింటంతా గీకిపారేసి, బ్లీచింగుతో కడిగి, సున్నం కొట్టింది. నాలుగు రోజులు తన తల కూడా కడుక్కోలేదు. గోడ తడి సున్నం రంగు నుంచి పొడి సున్నం రంగుకి తిరగడం గంటగంటకీ వచ్చి చూసింది.

పంతొమ్మిదో తారీకు శనివారమే వచ్చింది. పొద్దున్నే తలలకి మిలుంకా, టీచరు, ఇంకా నలుగురు దిగారు. పండక్కి వెళ్ళాలంటే జుట్టు కావాలి కదా. మిలుంకాది ఆఖరికి ఉంచి, ఐదు తలలు కడిగింది జివానా. గోడ ఎప్పుడు చెమర్చుతుందా అని సబ్బు చేతులతో మాటిమాటికీ తడిమింది. కడిగిన అరగంటకి అద్దం తేటపడింది. గోడ పొడిగా, చల్లగా ఉంది.

అన్నగారమ్మాయి వచ్చింది. తిహోమిర్ గారే ఆవిణ్ణి కిందకి తీసుకొచ్చి బాత్రూం చూపించాడు. జివానా సబ్బు చేతులతోనే వెనకాల నిలబడింది. ఆయన టోపీ సర్దుకుని, గోడ తట్టి, "చూశావా ఎంత తెల్లగా ఉందో?" అన్నాడు ఆ అమ్మాయితో. "ఇలా ఉంచడం నీవల్ల కాదు. నీకు స్టేషనవతల మా ఫ్రెండుది ఇంకోటి చూశాను." జివానా వైపు తిరిగాడు. "కొవ్వొత్తి వెలిగింది. చేపా చిక్కుళ్ళూ పొయ్యి మీదున్నాయి. నేనెవర్నీ పిలవడంలేదు. తలుపు తీసే ఉంటుంది."

"తలుపు తీసి ఉంచుతారా? గాలి రాదూ?" అంది మిలుంకా.

ఆయన వినపడనట్టు వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం దాకా తలలు నడిచాయి. జల్లెడ మీద టీచరు కాగితం ముక్క, ఎవరూ పట్టుకోకుండానే, అతుక్కుని ఉంది. దాన్నెవరూ తీయలేదు.

"పైన గావ్రా వచ్చాడంటావా?" అంది మిలుంకా, నురగలోంచి.

"వచ్చుంటాడు."

"వస్తే మాత్రం, ఆ ముసలాయన క్యాబేజీ తినగలడా? తొమ్మిదేళ్ళుగా గంజి..."

జల్లెడలోంచి, ఎక్కడో దూరంగా, కానీ స్పష్టంగా ఒక మగగొంతు దిగింది.

"ఈసారి మూత ఉంది, మిలుంకా! కరకరలాడుతోంది!"

బాత్రూంలో ఉన్న ఆడవాళ్ళందరూ చేతులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పదకొండేళ్ళుగా ఆ గదిలో ఎవరెవరి గురించి ఏమేం అనుకున్నారో ఒక్కసారిగా అందరికీ గుర్తొచ్చింది. ఇంతకాలం ఆ మాటల్ని దిండే మింగింది.

గొట్టంలోంచి ఇంకో గొంతు నవ్వింది. అది గావ్రాది. దాని వెనకే తిహోమిర్ గారు మళ్ళీ:

"జివానమ్మా! తలలు తడిగా ఉన్నాయా? తువాళ్ళు చుట్టండమ్మా, ప్రొమాయా!"

"చుట్టాను తిహోమిర్ గారూ!" అని జల్లెడకేసి అరిచి, జివానా మిలుంకా తలమీద ఇంకో చెంబు నీళ్ళు పోసింది.